ఎగిరెడు గురి: మట్టిపావురములను కొట్టు విద్య

(మన సంఘపు సభలో గావించిన ప్రసంగ పాఠము)



రాజపాళయమున తుపాకిని గూర్చి ప్రసంగించుట కమ్మరి వీధిలో సూదులమ్మబోవుట వంటిదని మే మెఱుగుదుము. విజయనగర రాజుల నాడు ఆంధ్రదేశము విడిచి దక్షిణమునకు వచ్చినవారమని చెప్పుకొను మన కుటుంబములు పడమటి కనుమల క్రింద స్థిరపడిన నాటినుండి వేటయు, వేటకుక్కయు, ఆయుధమును మన యిండ్ల ముచ్చటలలో భాగములుగనే యున్నవి. మన యూరి పేరు మోయు తెల్లని వేటకుక్కకు 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖవారు ఒక బిళ్ళనే వెలువరించిరి. అయినను ఈ సాయంకాలము మేము చెప్పబోవునది వేటను గూర్చి కాదు. వేట పోయిన పిదప మిగిలిన తుపాకిని గూర్చియు, అది నిలుచుటకు తగిన యొక క్రీడను గూర్చియు చెప్పుదుము.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన కొండలలో వేట ముగిసినది. 1988లో శ్రీవిల్లిపుత్తూరు ప్రాంతపు అడవి బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యమైనది. 2021లో మేఘమలైతో కలిపి దానిని పులుల అభయారణ్యముగ ప్రకటించిరి. ఇది మంచిదే యని మా యభిప్రాయము. కుందేలు మొదలు కడితి వరకు చట్టపు రక్షణలో నున్నవి. తోటలలో అడవిపందులు పడి పంట పాడుచేయుట నిజమే గాని, దానికి మందు చూపవలసినవారు అటవీశాఖవారు. తుపాకి చేతబట్టి రాత్రివేళ తోటకు పోవుట మన పని కాదు.

అయితే ఒక చిక్కు మిగిలినది. తాతగారి రెండుగొట్టాల తుపాకి బీరువాలో నున్నది. తాతగారి చేతిలోని నేర్పు మాత్రము ఆయనతోనే వెళ్ళిపోయినది. ఏటికొకమారు నూనె పూసి, గడువు తీరినప్పుడు అనుమతి పత్రమును పునరుద్ధరించుకొనుటయే దానితో మనకున్న సంబంధము. మూడవ తరమువానికి దానిని తెఱచి చూచుటయు సరిగా తెలియదు. ఆయుధము ఇంటనుండి, దానిని పట్టు శిక్ష ఇంట లేకుండుట కంటె అపాయకరమైన స్థితి లేదు. అందుచేతనే మేము కొంతకాలముగా అభ్యసించుచు పిన్నలకు చూపుచున్న ఈ విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాము.

మట్టిపావురమనునది పేరునకు మాత్రమే పావురము. పూర్వము ఇంగ్లండున సజీవములైన పావురములను పెట్టెలలో బంధించి, మూత తెఱచి, ఎగిరినప్పుడు కాల్చెడివారు. 1900 సంవత్సరపు పారిస్ ఒలింపిక్సులో సైతము ఆ క్రూరపు పందెము జరిగినది. అంతకు ముందే అమెరికాలో గాజు బంతులు ఎగురవేసి కాల్చు పద్ధతి వచ్చెను. 1880లో సిన్సినాటి పట్టణవాసియైన జార్జి లిగోవ్‌స్కీ కాల్చిన మట్టితో పళ్ళెము వంటి గురిని, దానిని విసరు యంత్రమును కల్పించెను. ఆ మట్టి మరీ గట్టిదై గుండ్లు తగిలినను పగులకుండెడిదట! అందుచేత పిమ్మట సున్నపురాతి పొడిని, కీలును కలిపి చేయసాగిరి. నేటి పళ్ళెము అడ్డుకొలత 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. అందు మట్టి రవంతయు లేదు. పేరు మాత్రము మట్టిపావురమే.

ఒలింపిక్సులో నేడు రెండు విధములైన పోటీలున్నవి. మొదటిది ట్రాపు. కాల్చువాని యెదుట పదునైదు మీటర్ల దూరమున నేల క్రింద ఒక కందకము. అందు పదునైదు యంత్రములు. ఒక్కొక్క నిలుపుచోటికి మూడు యంత్రములు. ఆ మూటిలో ఏది విసరునో కాల్చువానికి తెలియదు. నోట పిలుపు వెడలినంతనే పళ్ళెము కుడికో, ఎడమకో, తిన్నగనో గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో దూరమగుచు పోవును. కొట్టకున్నచో 76 మీటర్ల దూరమున పడును. రెండవది స్కీటు. అందు ఎత్తైన గది యొకటి, పొట్టి గది యొకటి. వాని నుండి వచ్చు పళ్ళెములు ఎప్పుడును ఒకే దారిన పోవును. కాని కాల్చువాడు అర్ధచంద్రాకారముగ నిలుపుచోట్లు మారుచుండును, తుపాకిని నడుము వద్దనే ఉంచి వేచియుండవలెను, పిలిచిన పిమ్మట మూడు సెకనులలోపల ఎప్పుడైనను పళ్ళెము రావచ్చును. స్కీటు 1968లో మెక్సికో ఒలింపిక్సున ప్రవేశించినది.

మన దేశమున ఈ విద్యకు పేరు తెచ్చినవారిలో బికనీరు మహారాజు కర్ణీసింహుని ముందుగ చెప్పవలెను. ఆయన 1960 నుండి 1980 వరకు అయిదు ఒలింపిక్సులలో పాల్గొనెను; 1962లో కైరో ప్రపంచ పోటీలలో రజత పతకము పొందెను. 2004 ఏథెన్సులో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ జంట పళ్ళెముల పోటీలో రజతము తెచ్చెను. 2006లో మానవ్‌జిత్ సింగ్ సంధూ ట్రాపున ప్రపంచ విజేత యయ్యెను.

ఇవన్నియు రాజస్థానము, పంజాబుల ముచ్చటలు, మనకేమి యందురేమో. 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్జౌ ఏషియా క్రీడలలో ట్రాపు జట్టు పోటీయందు స్వర్ణము గెలిచిన మువ్వురి పేరులు వినుడు: పుదుక్కోట రాజవంశీయుడైన పృథ్వీరాజ్ తొండైమాన్, హైదరాబాదు వాడైన కైనన్ చెనాయ్, పంజాబునకు చెందిన జోరావర్ సింగ్ సంధూ. ఒకడు మనము నివసించు నాటివాడు. ఒకడు మన భాష మాటలాడు నాటివాడు. మువ్వురకు కలిపి 375 పళ్ళెములు విసరగా 361 పగిలినవి. చెనాయ్ 122, సంధూ 120, తొండైమాన్ 119. ఆనాడే చెనాయ్ వ్యక్తిగతముగ కాంస్యమును పొందెను. అదే క్రీడలలో రాజేశ్వరీ కుమారి, మనీషా కీర్, ప్రీతి రజక్ అను మన యాడుపడుచులు జట్టు రజతము తెచ్చిరి. ఆడపిల్లలకిది తగదను పెద్దలెవరైన ఈ సభలో నున్నచో ఈ మాట ఒకమారు మనసున బెట్టుకొన వేడెదము.

ఇక విద్య విషయమునకు వత్తము.

కదలని గురిని కొట్టుట వేరు, కదలుదానిని కొట్టుట వేరు. చెట్టుమీది చెక్కపక్షి కన్ను మాత్రమే కనబడుచున్నదని అర్జునుడు ద్రోణునితో చెప్పిన కథ మనకందరకు తెలియును. అది స్థిరమైన గురి. ద్రౌపదీ స్వయంవరమున పెద్దలు చెప్పుకొను మత్స్యయంత్రము తిరుగుచుండునది. ఈ క్రీడకు ఆ కథయే దగ్గర. మామిడితోపులలో మన పిల్లలు ఉండేలుతో వ్రేలాడు కాయను పడగొట్టుదురు. అదే కాయ గాలికి ఊగునప్పుడు పది రాళ్ళలో తొమ్మిది వెనుకనే పోవును. ఏల?

రాయి గాని, గుండు గాని చేరుటకు కొంత కాలము పట్టును. ఈ కాలమును లెక్కించి చూతము. మనకు అడ్డముగ ముప్పది మీటర్ల దూరమున ఒక పళ్ళెము సెకనునకు ఇరువది మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. సీసపు గుండ్ల సగటు వేగము సెకనునకు సుమారు 330 మీటర్లు. ముప్పది మీటర్లు పోవుటకు వానికి సెకనులో పదునొకండవ వంతు పట్టును. ఆ రెప్పపాటులో పళ్ళెము దాదాపు ఆరడుగులు ముందుకు సాగును. కనుక పళ్ళెము మీద గురిపెట్టి కాల్చినవాడు దానికి ఆరడుగులు వెనుక ఉత్త గాలిని కొట్టినవాడగును. ఆ యారడుగులనే వారు లీడు అందురు. మనము ముందుగురి యందము. పళ్ళెము అడ్డముగ గాక ముప్పది డిగ్రీల ఓరగ దూరమగుచున్నచో మూడడుగులు చాలును. తిన్నగ ఎదుటికి పోవునప్పుడు ముందుగురి అక్కరయే లేదు.

మన తెల్లకుక్క కుందేటిని తరుము రీతిని చూచిన పెద్దలు ఈ సభలో నింకను ఉండవచ్చును. పిల్లకుక్క కుందేటి తోక వెంట పరుగెత్తి అలసిపోవును. ముదిరిన కుక్క కుందేలు మలుపు తిరుగబోవు చోటికి అడ్డుగ పోవును. ఆ కుక్కకు లెక్కలు ఎవ్వరును చెప్పలేదు.

ముందుగురిని సాధించుటకు మూడు మార్గములు చెప్పుదురు. పళ్ళెము వెనుకనుండి గొట్టమును వేగముగ త్రిప్పి, దానిని దాటినంతనే మీట నొక్కుట యొకటి. పళ్ళెముతో కలిసి కొంత సాగి, పిమ్మట దాని ముందునకు జరిగి కాల్చుట రెండవది. మొదటినుండియు పళ్ళెమునకు తగినంత ముందుగ గొట్టము నుంచుకొని దానితో సమవేగమున సాగుట మూడవది. క్రొత్తవారికి మొదటిది సులభము. గొట్టపు వేగమే సగము లెక్కను చేసిపెట్టును. స్కీటున చాలమంది మూడవదానిని వాడుదురు. ఏది మేలను వాదము క్రీడాస్థలములలో సంగీత సభలలోని పాఠాంతర వివాదము వంటిది. ఒకడు ఒక మార్గమున నిలిచి వేయి పళ్ళెములు కొట్టిన పిమ్మట వాదింపవచ్చును. అంతకు ముందు వద్దు.

మార్గము ఏదైనను మూడు తప్పులు మాత్రము అందరకు సమానము. మొదటిది, మీట నొక్కునప్పుడు తుపాకిని ఆపివేయుట. కాల్చిన పిమ్మట కూడ గొట్టము పళ్ళెపు దారిని సాగుచుండవలెను. రెండవది, గొట్టపు కొననున్న పూసను చూచుట. ముందుగురి ఆరడుగులో, అయిదడుగులో కొలుతమని చూపు పూసపైకి మరలినంతనే చేయి ఆగిపోవును. చూపు పళ్ళెమునకే, అందును దాని ముందంచునకే అంటుకొని యుండవలెను. పూస కనుకొనలో మసకగ తోచిన చాలును. మూడవది, ఏమైనదో చూడవలెనను తొందరలో చెక్కనుండి చెంప నెత్తుట. చెంప యెత్తినచో కన్ను పైకి పోవును, దానితో గురి పైకి పోవును. ఈ మూటికి మూలము ఒక్కటే, పళ్ళెమును నమ్మకుండుట.

ఇక మోసపు గురులు. ట్రాపు, స్కీటులకు వెలుపల స్పోర్టింగు అను నొక విధము కలదు. అది కొండలు, పొదలు, చెట్ల నడుమ ఆడునది. అడవి జంతువుల, పక్షుల నడకను అనుకరించి పళ్ళెములు విసరుదురు. మన పెద్దలు కనుమలలో ఎఱిగిన నడకలన్నియు ఇచట కనబడును గాని ప్రాణమేదియు పోదు. మా కన్నిటికంటె ప్రియమైనది ఇదియే యని దాచనక్కరలేదు.

అందు కుందేలను పేరుగల పళ్ళెము అంచు గట్టిదిగ చేయబడి నేలమీద చక్రమువలె దొరలును. రాయి తగిలిన ఎగురును, గుంత వచ్చిన పడును. క్రొత్తవాడు దాని వేగమునకు బెదరి చాల ముందు కాల్చును, లేదా ఎగిరినప్పుడు దానిని వెంబడించి పైన కాల్చును. నిజమునకు అది దగ్గరగనే యుండును, వేగమును తక్కువ. గొట్టమును నేల గీత వెంటనే నడిపి, చక్రపు క్రిందియంచును చూచినచో గుండ్లలో కొన్ని నేల తగిలి లేచి అవియు తోడుపడును.

బాటూ అను పలుచని పళ్ళెము అన్నిటికంటె మోసకారి. అది వచ్చునప్పుడు అంచు మాత్రమే కనబడి దారపు పోగువలె నుండును. కొంత దూరము పోయి గాలిలో పక్కకు తిరిగి, మొగము చూపి, జారిపడును. అంచు కనబడగనే కాల్చువాడు తప్పును. తిరుగువరకు ఓపిక పట్టి, మొగము చూపినంతనే దానికి ముందును, క్రిందను కాల్చవలెను. మా వద్ద నేర్చుకొన్న పిన్నలలో తొందరపాటు వాడెవడో, నిదానస్థుడెవడో ఈ పళ్ళెము ముందు నిలిపినచో ఒక్క పూటలో తెలిసిపోవును.

తిన్నగ ఆకాశమునకు లేచు పళ్ళెమున్నది. అది శిఖరమున ఒక్క క్షణము ఆగును. ఆ క్షణమున అది మత్స్యయంత్రము కాదు, ద్రోణుని చెక్కపక్షియే. ఆ క్షణము దాటినచో పడుచున్నదానికి క్రిందుగ కాల్చవలెను. కాని మన చేతులు పైకి పోవుటకు అలవాటుపడియున్నందున అందరును పైననే కాల్చుదురు. అరువది మిల్లీమీటర్ల చిట్టిపళ్ళెమొకటి కలదు. అది చిన్నదగుటచే దూరముగను, వేగముగను తోచును. అది కంటి భ్రమ మాత్రమే. దానికి ముందుగురి పెంచినవాడు ముందునే తప్పును. దారి పొడుగున లేచుచున్నట్లు కనబడి, కాల్చుచోట అప్పటికే దిగుచుండు పళ్ళెములు మరికొన్ని. వీనికి పళ్ళెపు అడుగు కనబడుచున్నదా, పైబొడిపె కనబడుచున్నదా యని గమనించుట అలవరచుకొనవలెను.

ఈ గురులకన్నిటికి ముందుపని యొకటియే. పోటీకి ముందు పళ్ళెముల నడకను ఒకమారు చూపుదురు. అప్పుడు ఎచట పగులగొట్టవలెనో మొదట నిశ్చయించుకొనవలెను. పాదములను ఆ చోటికి అభిముఖముగ నిలుపవలెను గాని పళ్ళెము బయలుదేరు చోటికి కాదు. పిమ్మట వెనుకకు వచ్చి, పళ్ళెము మొదట స్పష్టముగ కనబడు చోటు, తుపాకి వేచియుండు చోటు నిర్ణయించుకొనవలెను. పగులగొట్టు చోటికి నిలిచి, కనబడు చోటికి నడుము త్రిప్పినవానికి శరీరము విల్లువలె బిగిసి, వదలినంతనే సహజముగ మరలివచ్చును. అట్లుగాక మొదటి చోటికి నిలిచినవాడు కాల్చవలసినచోట నడుము బిగిసి ఆగిపోవును.

దీనికి వేలకొలది తూటాలు కావలెను, అవి వెలగలవి. కాని సగము విద్య తూటా లేకయే ఇంట నేర్వవచ్చును. తుపాకిని తెఱచి రెండు గొట్టములును ఖాళీ యని ఒకటికి రెండుమార్లు చూచుకొని, మరియొకరికి చూపి, గోడయు కప్పును కలియు గీత వెంబడి గొట్టపు కొనను మెల్లగ నడుపుచు చెక్కను చెంపకు, భుజమునకు ఒక్కటిగ చేర్చు అభ్యాసము దినమునకు పావుగంట చేసిన చాలును. భుజమునకు చేర్చి పిమ్మట తల వంచువాడు ఎన్నడును నేర్చుకొనడు. చెక్కయే చెంపకు రావలెను. పెద్దవారికి అమర్చిన తుపాకి చెక్క పిల్లవాని మెడకు పొడుగగును. తాతగారిదని అభిమానము చాలదు, కొలత కుదురవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. దశరథ మహారాజు శబ్దవేధి. చీకటిలో సరయూతీరమున కడవ మునుగు సవ్వడి విని ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. బాణము గురి తప్పలేదు. ముని బాలకుడు కూలెను. విలువిద్యలో అంతటివానికి లేనిది ఒక్కటే, కన్నులార చూచి కాల్చు నియమము. మన తోపులలో ఖాళీ డబ్బాలు ఎగురవేసి కాల్చి నేర్చుకొందమని యువకులు కొందరనుట మేము వింటిమి. దీనిని మేము ఒప్పము. ఈ చిన్నగుండ్లు రెండువందల మీటర్లకు పైబడి పోగలవు. తోపులో కాయలేరు ఆడవారు, పశువుల కాపరులు, కట్టెలకు వచ్చువారు ఎచట నుందురో చెట్ల నడుమ కనబడదు. తగిన క్రీడాస్థలమున, పడు దారి అంతయు ఖాళీగ నున్నచోటనే, నేర్పువాని యెదుటనే కాల్చవలెను. నడచునప్పుడు తుపాకి తెఱచియుండవలెను. నిలుపుచోట నిలిచిన తర్వాతనే తూటా పెట్టవలెను. కాల్చు క్షణము వరకు వ్రేలు మీట మీదకు రారాదు. చెవులకు మూతలు, కన్నులకు అద్దములు లేక నిలువరాదు. ఆ శబ్దము ఒక్కమారే చెవి నరమును చెఱుపగలదు. తూటాలు ముట్టిన చేతులతో సీసపు అంశ లోనికి పోవును గనుక కడుగుకొనక అన్నము తినరాదు.

చట్టపు మాట కూడ రెండు ముక్కలు. 1959 సంవత్సరపు ఆయుధ చట్టము ప్రకారము అనుమతి పత్రము వ్యక్తికి గాని ఇంటికి కాదు. తండ్రి గతించినచో తుపాకి తానై కుమారునిది కాదు. పోలీసు ఠాణాలోగాని అనుమతిగల వర్తకునివద్దగాని అప్పగించి, వారసుడు తన పేర జిల్లా అధికారులకు దరఖాస్తు చేసుకొనవలెను. ఏండ్ల తరబడి ఈ పని చేయక బీరువాలో దాచియుంచిన ఇండ్లు లేకపోలేదు. ఈ వారమే ఆ కాగితములు తీసి చూచుకొందురని కోరుచున్నాము. 2019 నాటి సవరణతో సాధారణముగ ఒకరు రెండు ఆయుధములకు మించి ఉంచుకొనరాదు. పేరుగాంచిన క్రీడాకారులకు వేరు మినహాయింపులు కలవు. చిన్నవారు శిక్షణార్థము పెద్దల పర్యవేక్షణలో కాల్చుటకు చట్టమున అవకాశము కలదు గాని, దాని నిబంధనలను ముందుగ విచారించుకొనవలెను.

నేర్వదలచినవారు అన్నిటికంటె ముందు తమ ప్రధాన నేత్రమేదో తెలిసికొనవలెను. ఇది ఇప్పుడే, ఈ సభలోనే చేయవచ్చును. రెండు చేతులు ముందుకు చాచి, బొటనవ్రేళ్ళను, చూపుడువ్రేళ్ళను కలిపి నడుమ చిన్న సందు చేయుడు. రెండు కన్నులు తెఱచియే ఆ సందుగుండ ఆ గోడ గడియారమును చూడుడు. ఇప్పుడు ఎడమకన్ను మూయుడు. గడియారము సందులోనే యున్నచో మీది కుడికన్ను, జరిగిపోయినచో ఎడమకన్ను. కుడిచేతివానికి ఎడమకన్ను ప్రధానమైనచో వాడు ఎడమభుజమున కాల్చుట నేర్వవలెను, లేదా ఎడమ అద్దము మీద చూపుదారిని మసకపఱచు చిన్న అంటుబిళ్ళ అతికించుకొనవలెను. వెనుక బల్లల మీది పిల్లలు అప్పుడే చేతులు చాచియున్నారు. ఎడమకన్ను వచ్చినవారు సభ ముగిసిన పిమ్మట మా వద్దకు రండు, వారికి నిలుపు వేరుగ చూపవలసియున్నది.